గండి పడిన పిమ్మట కాపలా

నాగార్జునసాగరము కుడికాలువ మన పల్నాటి సీమకు వచ్చిన నాటినుండి మన రైతులకు ఒక విద్య చక్కగా పట్టుబడినది. వర్షాకాలపు రాత్రులందు కాలువకట్టమీద దీపము పట్టుకొని తిరుగు లస్కరు జీతమును దండుగ వ్యయమని మనలో నెవ్వరును తలపరు. కట్టలో ఎలుక త్రవ్విన బొరియ మొదట వ్రేలు పట్టునంత మాత్రమే యుండును. తెల్లవారునప్పటికి అదియే గండియై, చెంతనున్న మిరపచేలను ముంచుటయే గాక, దిగువనున్న ఊళ్లకు చుక్క నీరు లేకుండ జేయును. ఒకచోట వరద, మరియొకచోట కరవు. రెంటికిని మూలము ఆ బొరియయే.

ఇప్పుడు మన గ్రామములలోనికి వేరొక కాలువ త్రవ్వబడుచున్నది. దేశమునందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరులతో గూర్చి, నాబార్డువారి ఉమ్మడి సాఫ్ట్‌వేరుతో ముడివేయుటకు కేంద్రమంత్రివర్గము 2022 జూన్ 29వ తేదీన 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. సంఘపు బీరువాలోని లెడ్జరు తీగలమీదుగా జిల్లా బ్యాంకునకును, అచ్చటనుండి పైకిని ప్రవహించు కాలమిది. ఈ మార్పును మేము మనఃపూర్వకముగ స్వాగతించుచున్నాము. పాత లెడ్జరులలోని కొట్టివేతలును, బినామీ అప్పులును ఎన్ని కుటుంబములను కోర్టుల చుట్టును త్రిప్పినవో మన పాఠకులకు వేరుగ జెప్పనక్కరలేదు. కాని ఒక్క ప్రశ్న మాత్ర మడుగక తప్పదు. ఈ క్రొత్తకాలువకు లస్కరెవరు?

ఇది ఊహాజనితమైన భయమని కొందరు పెద్దలు మందహాసము చేయవచ్చును. వారికి మన యింటి సంగతులనే జ్ఞాపకము చేయుదుము. 2017 మే 12వ తేదీన వానాక్రై యను పేరుగల పురుగు ప్రపంచమున సుమారు 150 దేశముల కంప్యూటరులలో జొరబడి, ఫైళ్లకు తాళము వేసి, సొమ్ము చెల్లించినగాని తీయనని కూర్చుండెను. ఇట్టి దోపిడి సాఫ్ట్‌వేరునే ర్యాన్సమ్‌వేరు అందురు. ఆ దినములలో ఆంధ్రరాష్ట్రపు పోలీసుశాఖ కంప్యూటరులు కొన్ని దీనివాత బడెను. వానిలో గుంటూరు జిల్లావియు నున్నవి. పల్నాడు నాడు గుంటూరు జిల్లాలోని భాగమే గదా. దొంగలను బట్టవలసిన ఠాణాలోనే దొంగ తాళము వేసెను. ఇందులో విచారింపదగిన విషయము వేరొకటి కలదు. ఆ పురుగు దూరిన రంధ్రమును మూయు సవరణను మైక్రోసాఫ్టు కంపెనీవారు మార్చి 14వ తేదీననే విడుదల చేసియుండిరి. అనగా మందు 59 దినములు ముందుగనే అంగడికి వచ్చినది. సకాలమున వేసికొన్న కంప్యూటరులను ఆ దారిని వచ్చిన పురుగు తాకలేకపోయెను.

రెండేండ్లు తిరుగకముందే, 2019 ఏప్రిల్ నెలాఖరున, ఆంధ్ర తెలంగాణములలోని నాలుగు విద్యుత్పంపిణీ సంస్థలమీద ర్యాన్సమ్‌వేరు దాడి జరిగెను. తిరుపతి కేంద్రముగాగల దక్షిణ విద్యుత్పంపిణీ సంస్థ అందొకటి. విజయవాడ కేంద్రముగ వేరొక సంస్థ ఏర్పడుట అదే సంవత్సరము డిసెంబరు మాట. అంతవరకు నరసరావుపేట, గురజాల, మాచర్లల దీపములు తిరుపతి సంస్థ చేతిలోనివే. ఆ దాడిలో దీపములు ఆరలేదు. వెబ్‌సైట్లును బిల్లుల చెల్లింపులును మాత్రమే ఆగినవి. దీపములు ఆరలేదు గనుక జనులు మరచిరి. జనులు మరచిరి గనుక అధికారులును మరచిరేమో యని మా అనుమానము.

అయినను, ఈ విషయమున మన సహకారోద్యమమువారు గోడమీద వ్రాసికొనవలసిన కథ హైదరాబాదునందలి ఆంధ్రప్రదేశ్ మహేశ్ సహకార అర్బన్ బ్యాంకుది. దీనిని కొంత వివరముగ జెప్పుదుము.

2021 నవంబరునందు ఆ బ్యాంకు ఉద్యోగులకు 200లకు పైగా ఈమెయిలు లేఖలు వచ్చినవి. చూచుటకు అవి మామూలు కార్యాలయపు ఉత్తరములవలెనే యున్నవి. వానిలో కొన్నిటిని ఉద్యోగులు తెరచిరి. తెరచిన మాత్రమున దొంగ లోనికి వచ్చెను. ఆ ఉద్యోగి మీటలమీద ఏ యక్షరము నొక్కినను అది దూరముననున్న దొంగకు తెలియజేయు వేగుసాఫ్ట్‌వేరు ఆ కంప్యూటరులో కాపురము పెట్టెను. అది మొదలు రెండు నెలలకు పైగా దొంగలు బ్యాంకులోనే యుండిరి. వారు తొందరపడలేదు. ఎవరి చేతిలో ఏ తాళపుచెవి యున్నదో, ఏ సంతకమునకు ఎంత విలువయో, ఏ దినమున కచేరి మూయబడునో పరిశీలించుచు కూర్చుండిరి. సర్వాధికారములుగల సూపర్ యూజరు యొక్క పాస్‌వర్డు చిక్కువరకు వేచిరి. 2022 జనవరిలో ఒక వారాంతమున, బ్యాంకు తలుపులు మూసియున్న వేళ, 12 కోట్ల 48 లక్షల రూపాయలను ముందుగ సిద్ధపరచుకొన్న కొన్ని ఖాతాలలోనికి, అచ్చటనుండి 115 ఖాతాలలోనికి, వానినుండి 398 ఖాతాలలోనికి పంచి, దేశమునందు నానాప్రాంతముల ఏటీఎముల ద్వారమున నగదుగా తీసికొనిరి. సోమవారమున బ్యాంకువారు కన్నులు తెరచిరి.

దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లని మన పెద్దల సామెత. ఇచ్చట దొంగ యింటిలోనే భోజనము చేయుచు రెండు మాసములకు పైగా నుండగా ఒక్క కుక్కయు మొరుగలేదు. హైదరాబాదు పోలీసులు రాష్ట్రములు దాటి, శ్రమపడి, అనేకులను నిర్బంధించిరి. కాని పట్టుబడినవారిలో హెచ్చుమంది ఖాతాలు అద్దెకిచ్చినవారును, కమీషనుకొరకు డబ్బు చేరవేసినవారును. సూత్రధారులు విదేశములలో నుండిరని పోలీసులే చెప్పిరి. పోలీసు దర్యాప్తులో బయటపడినది దొంగల గొప్పతనము గాదు. బ్యాంకు యొక్క నిర్లక్ష్యము. సర్వాధికారపు తాళపుచెవులు ఒకరిద్దరివద్ద గాక అనేకులవద్ద నుండెను. శాఖలకును ప్రధాన కార్యాలయమునకును నడుమ ఉండవలసిన అడ్డుగోడలు సరిగా లేకుండెను.

శాసనము లేకపోవుటచేత ఇట్లు జరిగినదా యన్నచో, అదియును గాదు. అర్బన్ సహకార బ్యాంకులు నెట్‌వర్కును ఎట్లు కాపాడుకొనవలయునో రిజర్వు బ్యాంకు 2018 అక్టోబరులో ఒక ఉత్తరువును, 2019 డిసెంబరు 31వ తేదీన మరింత సమగ్రమైన ఉత్తరువును జారీచేసియున్నది. పూనా నగరపు కాస్మాస్ సహకార బ్యాంకులో 2018 ఆగస్టునందు 94 కోట్లు కొల్లబోయినప్పుడే దేశమంతటికి గంట మ్రోగినది. గంట విన్నవారు కొందరు. విని ప్రక్కకు తిరిగి పరుండినవారు కొందరు. మహేశ్ బ్యాంకునకు రిజర్వు బ్యాంకు 2023లో విధించిన జుల్మానా 65 లక్షలు. పోయిన సొమ్ములో ఇది ఇరువదియవ వంతు. ఈ జుల్మానా కూడ చివరకు సభ్యుల వాటాధనమునుండియే గదా పోవునది!

పల్నాటి కథ నెరిగినవారికి ఇందు వింత లేదు. మాచర్లవారు రాజ్యము విడిచి ఏడేండ్లు అడవులపాలైనది గురజాల సైన్యమునకు ఓడి గాదు, కోడిపందెములో ఓడి. మోసము కోటగోడ నెక్కి రాదు. పిలువబడిన అతిథివలె ద్వారమునుండియే వచ్చును.

మరియు దాడిచేయువారు ఒక్కచోట నిలిచియుండువారు గారు. 2017 నాటి పురుగు గ్రుడ్డిది. ఎదుట నున్న ప్రతి తలుపును తట్టుచు పోయెను. 2022 నాటి దొంగ ఓర్పుగలవాడు. ఒక్క యింటినే ఎన్నుకొని నెలలకొలది పొంచియుండెను. 2024 జులై 31వ తేదీన సంభవించినది ఇంకొక తీరు. సుమారు 300 చిన్న బ్యాంకులకు, అనగా సహకార బ్యాంకులకును గ్రామీణ బ్యాంకులకును, సాంకేతికసేవ లందించు సీ-ఎడ్జ్ కంపెనీపై ర్యాన్సమ్‌వేరు దాడి ప్రసరించెను. జాతీయ చెల్లింపుల సంస్థవారు ఆ కంపెనీని తమ చెల్లింపు వ్యవస్థనుండి వెంటనే వేరుచేయగా, ఆ బ్యాంకుల ఖాతాదారులకు ఫోనుద్వారా డబ్బు పంపుట మొదలగునవి మరునాడు పునరుద్ధరింపబడువరకు నిలిచిపోయెను. ఇందులో ఆ 300 బ్యాంకులు చేసిన తప్పేమియు లేకపోవచ్చును. ఎగువ తూము చెడినది, దిగువ పొలము లెండినవి. ఇప్పుడు దోపిడికాండ్రు ఫైళ్లకు తాళము వేయుటతో తృప్తిపడక, ముందుగ వానిని దొంగిలించి, సొమ్మీయనిచో లోకమునకు వెల్లడింతుమని బెదరించుట కూడ నేర్చిరి. కృత్రిమ మేధ వచ్చిన తరువాత దొంగయుత్తరమును తప్పులనుబట్టి పోల్చుకొను వీలును పోయినది. మునుపు ఆ యుత్తరములలోని తెలుగు చూడగనే నవ్వు వచ్చెడిది. నేడు కొన్ని కార్యాలయముల సర్క్యులరులకంటె దొంగల తెలుగే చక్కగ నుండుట మనము సిగ్గుపడవలసిన మాట. పై యధికారి కంఠస్వరమును సైతము అనుకరించి ఫోనులో ఆజ్ఞలిచ్చు విద్య వచ్చినది.

ఇంత జరుగుచుండగా మన సంస్థల నిర్వాహకులు చెప్పు సమాధానములు రెండు మూడు కలవు. "మా చిన్న సంఘములో ఏమున్నదని వచ్చెదరు?" అనునది మొదటిది. పురుగు ఊరిపేరు అడిగి రాదు. చిన్న సంఘము పెద్ద బ్యాంకునకు దొడ్డిదారి యగునని తెలిసిన దొంగ చిన్నసంఘమునకే ముందు వచ్చును. "మేము కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చితిమి, వారే చూచుకొందురు" అనునది రెండవది. చేనునకు కంచె వేయుటకు కూలి మాట్లాడవచ్చును. కంచె యున్నదో లేదో చూచుకొను బాధ్యతను కూలికి ఇచ్చుట కుదరదు.

మూడవది మా వంటివారికి ప్రియమైన మాట గనుక, దానిని మరింత జాగ్రత్తగ పరీక్షించుట మా విధి. "ఇదంతయు విదేశీ సాఫ్ట్‌వేరు వాడుటవలన వచ్చినది, స్వదేశీ సాఫ్ట్‌వేరు వచ్చినచో బాధ తీరును" అని కొందరు దేశాభిమానులు వాదించుచున్నారు. మా పత్రిక స్వదేశీ పక్షమున నిలుచునదే. మన పౌరుల లెక్కలు మన దేశమున, మన శాసనములకు లోబడి యుండవలయుననియు, వానిని కాపాడు నేర్పు మన పిల్లలకే రావలయుననియు మా దృఢమైన అభిప్రాయము. కాని సీ-ఎడ్జ్ కంపెనీ విదేశీయము గాదు. అది మన స్టేట్ బ్యాంకును టాటావారును కలిసి స్థాపించినది. మహేశ్ బ్యాంకులో తాళపుచెవులను పదిమందికి పంచిన నిర్లక్ష్యమును మన మే దేశమునుండియు దిగుమతి చేసికొనలేదు. ఖద్దరు ధరించిన కాపలాదారు నిద్రపోయినను ఇల్లు కొల్లబోవుట తప్పదు. స్వదేశీ యనునది ముద్ర గాదు, శ్రమ. ఆ శ్రమను తప్పించుకొనుటకు ఆ పేరు వాడుకొనుట మాకు సమ్మతము గాదు.

చేయవలసిన దేమి? ఇందులో మంత్రతంత్రములు లేవు. కుడికాలువను కట్టిన ఇంజనీర్లు ఎరిగిన సూత్రమునే ముందుగ జెప్పుదుము. కాలువకు అచ్చటచ్చట అడ్డు తూము లుండును. ఒకచోట గండిపడిన, పైతూము దించి తక్కిన కాలువను కాపాడుదురు. నెట్‌వర్కును కూడ అట్లే భాగములుగ విభజించి, శాఖకును శాఖకును నడుమ, గుమాస్తా కంప్యూటరునకును మూలలెక్కల సర్వరునకును నడుమ తలుపు లుంచవలయును. 2022 నవంబరు 23వ తేదీన ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థమీద దాడి జరిగి, రోగుల చీట్లు మొదలు రక్తపరీక్షలవరకు సుమారు రెండు వారములు చేతితో వ్రాయవలసివచ్చినది. ఐదు సర్వరులు చెడినవి. నెట్‌వర్కును తగినవిధముగ విభజింపకపోవుటయే దానికి కారణమని కేంద్రప్రభుత్వమే రాజ్యసభలో ఒప్పుకొన్నది. దేశపు మొదటి ఆసుపత్రి గతియే అట్లున్నచో, నరసరావుపేటలోని ఆసుపత్రులవారు తమ ఎక్స్‌రే యంత్రమును, బిల్లుల కంప్యూటరును, రోగుల బంధువులకు ఉచితముగ నిచ్చు వైఫైని ఒకే తీగమీద నుంచుట ఎంత ప్రమాదమో ఆలోచించుకొనవలయును.

ప్రతులమాట రెండవది. మన రైతు విత్తనపు గింజలను తిండిగింజలతో ఒకే గాదెలో పోయడు. సంస్థలవారు మాత్రము లెక్కల ప్రతిని అదే సర్వరుప్రక్కన, అదే తీగకు తగిలించి యుంచుదురు. దోపిడికాండ్రు లోనికి వచ్చిన వెంటనే మొదట వెదకునది ఆ ప్రతినే. దానిని చెరిపి, పిమ్మట మూలమునకు తాళము వేయుదురు. ఒక ప్రతి తీగకు దూరముగ, వేరొక కట్టడమున నుండవలయును. అంతమాత్రమున చాలదు. ఆ ప్రతినుండి లెక్కలు తిరిగి లేచునో లేదో ఏడాదికి రెండుమారులైనను పరీక్షించి చూడవలయును. మొలక పరీక్ష చేయని విత్తనమును చల్లి, మొలవలేదని ఏడ్చుటవలన ఫలమేమి?

పాస్‌వర్డు విషయమున ఒక్క మాట. అది కొండవీటి చేంతాడంత యున్నను, కాగితముపై వ్రాసి కంప్యూటరు తెరకు అంటించినచో తాళపుచెవిని తలుపునకే వ్రేలాడదీసినట్లు. ఇట్టి కాగితములు మేము కన్నులార చూచితిమి, ఎచ్చటనో చెప్పము. సర్వాధికారము ఒకరిద్దరికి మించి యుండరాదు. పెద్దమొత్తము కదలుటకు ఇద్దరి అనుమతి, అదియు వేరువేరు కంప్యూటరులనుండి, కావలయును. ఆదివారపు అర్ధరాత్రి కోట్లు కదలుచున్నచో ఎవరి ఫోనో మ్రోగవలయును. అన్నిటికంటె ముఖ్యముగ, ఈ పనికి ఒక మనిషి కావలయును. ప్రింటరు బాగుచేయు కుఱ్ఱవానికే "ఇదియు నీవే చూడు" అని అప్పగించుట కాపలా యనబడదు. మోసపుటుత్తరమును తెరచిన గుమాస్తాను నలుగురిలో నవమానించు సంస్థలో, తరువాతి గుమాస్తా తన పొరపాటును దాచును. ఆ దాపరికమే దొంగకు రెండు నెలల వసతి. తప్పు జరిగిన గంటలోపల వచ్చి చెప్పినవానికి శిక్ష లేదని నిర్వాహకులు ముందుగ ప్రకటింపవలెను.

ఇక్కడ మా అసలు ఫిర్యాదు. గుమాస్తా దాచినది గంటలమాట. సంస్థలు దాచునది సంవత్సరములమాట. దాడిని గమనించిన ఆరు గంటలలోపల తెలియజేయవలయునని కేంద్రమువారి సర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28వ తేదీన ఆజ్ఞాపించినది. కాని తెలియజేయవలసినది ఆ సంస్థకు. తన ఆధారు సంఖ్యయు, భూమివివరమును, అప్పును దొంగలపాలైన రైతునకు గాదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ శాసనము ఈ లోపమును దిద్దినది. సమాచారము ఎవరిదో వారికి కూడ తెలియజేయవలయుననియు, చెప్పకున్నచో 200 కోట్లవరకు జుల్మానా యనియు దానిలో నున్నది. శాసనము 2023 ఆగస్టునాటిది. దాని నియమములు 2025 నవంబరునగాని వెలువడలేదు. అందులోను ప్రధానవిధుల యమలునకు 18 నెలల గడువిచ్చిరి. దొంగలకు ఇట్టి గడువు లక్కరలేదు.

మన సహకారసంఘముల స్థితి ఇంకను విచారకరము. ఆంధ్రదేశమున 2013లో ఎన్నికైన పాలకవర్గముల కాలము తీరిన పిమ్మట, ఎన్నికలు లేక, ఏండ్లకొలది నియమిత కమిటీలే సంఘములను నడపినవి. సభ్యుడెన్నుకొననివానిని సభ్యుడెట్లు ప్రశ్నించును? కాగితపు లెడ్జరు నాడు అనుమానము వచ్చిన రైతు సంఘమునకు బోయి, "నా పేజీ చూపుమయ్యా" అని యడుగగలిగెను. కంప్యూటరు లెడ్జరు రాత్రికిరాత్రి మారినచో, అతడు చూపుకొనుటకు చేతిలో ఏమున్నది? అందువలన వాయిదా కట్టిన ప్రతిసారియు అచ్చువేసిన రసీదును, ఏడాదికొకసారి ముద్రవేసిన లెక్కకాగితమును సభ్యుని చేతికిచ్చుట నియమము కావలయునని మేము కోరుచున్నాము. ఏ దొంగయు తీగమీదుగా వచ్చి ఆ కాగితమును రైతు పెట్టెలోనుండి కాజేయలేడు.

మించాలపాటి కన్నెగంటి హనుమంతు 1922లో పుల్లరి చెల్లింపనని నిలిచి ప్రాణముల నర్పించెను. లెక్క యడుగుటకు ప్రాణమీయవలసిన కాలము గాదిది; మహాజనసభలో లేచి నిలుచుట చాలును. పఠనమందిరములలో ఈ పత్రిక చదువువారిలో సంఘసభ్యులు, బ్యాంకు ఖాతాదారులు, పురపాలకసంఘమునకు పన్ను కట్టువారు లేనివా రుండరు. మీ సంఘపు లెక్కల ప్రతి ఎచ్చట నున్నది, దానిని కడపట ఎన్నడు పరీక్షించిరి, సర్వాధికారపు తాళపుచెవులు ఎందరివద్ద నున్నవి, ఇంతవరకు దాడి యేదైన జరిగినదా, జరిగిన సభ్యులకు చెప్పిరా అని కార్యదర్శిని వ్రాతమూలముగ నడుగుడు. రహస్యములు బయటపడునని వారు అభ్యంతరము చెప్పవచ్చును. పాస్‌వర్డు చెప్పుమని మన మడుగుట లేదు. తలుపు వేసితిరా యని మాత్రమే అడుగుచున్నాము. వచ్చిన సమాధానములను, రాకపోయినచో మీ లేఖ పంపిన తేదీని, మాకు తెలియజేసిన యెడల ఈ పుటయందే ప్రచురింతుము.